లూపులో కనిపించిన అక్షరాలు: ఒక నెగెటివ్‌ల డబ్బా కేసు

నేను నల్లగొండలో ఫోటో స్టూడియో నడుపుతున్నాను. మొదటి పదేళ్లు రీళ్లు కడిగి, నెగెటివ్‌లోని బొమ్మను కాగితం మీద పెద్దది చేసే ఎన్‌లార్జర్ కింద ప్రింట్లు వేశాను. తర్వాత అందరిలాగే డిజిటల్‌కు మారాను. రెండు పనులూ చేసినవాణ్ణి గనుక ఫిల్ము నాణ్యత ఎక్కువా, డిజిటల్ నాణ్యత ఎక్కువా అని అడిగేవాళ్లు ఏటా కొందరు వస్తూనే ఉంటారు. నేనూ అప్పటికి తోచిన జవాబు చెప్పి పంపిస్తూ ఉండేవాణ్ణి. ఆ తొందర జవాబు ఒకసారి ఒకరి ముప్పై అయిదేళ్ల నెగెటివ్‌లను చెత్తబండి దాకా తీసుకుపోయింది. ఆ కేసునే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఫోటోలు తీసిన చోట్లను, నేను తీసుకున్న కొలతలను మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా ఉంచాను.

నేపథ్యం

వచ్చినాయన రిటైరైన ఉపాధ్యాయుడు. 1986 నుంచి 1994 దాకా సెలవు రోజుల్లో మా జిల్లా అంతా తిరిగి ఫోటోలు తీశారు. గల్ఫ్‌లో పనిచేసే బంధువు తెచ్చిచ్చిన పెంటాక్స్ కే 1000, దానికి ఉన్న 50 మిల్లీమీటర్ల లెన్సు తప్ప ఆయన దగ్గర వేరే పరికరం లేదు. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, ఉదయసముద్రం కట్ట, గేట్లు ఎత్తిన రోజు నాగార్జునసాగర్, బోనాలు, సంతలు, ఎడ్లబండ్లు అన్నీ కలిపి దాదాపు నలభై రీళ్ల నెగెటివ్‌లు ఒక రేకు డబ్బాలో ఉన్నాయి. వాటిలో మూడో వంతు నలుపు తెలుపువి, ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ‘ఇందు’ ఫిల్ము మీద తీసినవి. వాటిని ఆయన ఇంట్లోనే కడుక్కున్నారు. మిగతావి కలర్ రీళ్లు, ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న ల్యాబులో కడిగించినవి.

ఆయన ఆలోచన చక్కగా ఉంది. తాను అప్పుడు తీసిన చోటే నిలబడి ఇప్పుడు మళ్లీ తీసిన ఫోటోను పాత ఫోటో పక్కన పెట్టి, అలాంటి 32 జతలను ఒక హాలులో ప్రదర్శనకు పెట్టాలి. ప్రతి ఫోటో 20×30 అంగుళాల సైజు. ఇప్పటి ఫోటోలను ఆయన చిన్న కొడుకు 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో అప్పటికే తీసేశాడు. హాలు నడవ సన్నగా ఉండటం వల్ల చూసేవాళ్లు ఫోటోకు మూడడుగుల దూరంలోనే నిలబడక తప్పదు. అప్పట్లో ఈ మూడడుగుల సంగతిని నేను పెద్దగా పట్టించుకోలేదు. చివరికి చాలా నిర్ణయాలు దాని చుట్టూనే తిరిగాయి.

వచ్చిన సమస్య

నమూనాగా వేరే ఊరి ల్యాబులో వేయించిన రెండు జతలను బల్ల మీద పరిచారు. ఇప్పటి ఫోటోలలో గుడి స్తంభం మీది చెక్కడం అంతా విడివిడిగా తెలుస్తోంది. అప్పటి ఫోటోలలో అదే స్తంభం ముద్దలా ఉంది, ఆకాశం నిండా ఇసుక చల్లినట్టు గ్రెయిన్ (ఫిల్ములోని రేణువులు). కొడుకు తేల్చి చెప్పాడు: “ఫిల్ము అంటే అంతే అన్నా. ఇంటికి సున్నాలేపిస్తున్నం, ఈ డబ్బా తీసేస్తం. పాతవి చిన్న సైజుల పెడ్తం.” పెద్దాయన నా వైపు చూసి, “నువ్వు చెప్పు. వీటిల ఇంకేమన్న మిగిలిందా?” అని అడిగారు.

నేను ప్రింట్లను చూశానే తప్ప నెగెటివ్‌ను తీసి చూడలేదు. 35 ఎంఎం ఫిల్ము, 200 వేగం (వెలుగుకు ఫిల్ము స్పందించే తీరు), ముప్పై అయిదేళ్ల వయసు, పైగా ఎండాకాలాలన్నీ బీరువాలోనే గడిచాయి. ఇన్ని లెక్కలు ఒక్కసారిగా మనసులో మెదిలి, “ఇంతకన్నా రాదు సార్” అనేశాను. ఆ మాటకు అప్పుడు నా దగ్గర ఉన్న ఆధారం వేరేవాళ్లు వేసిన రెండు ప్రింట్లు మాత్రమే. అయినా ఆయన డబ్బాను నా దగ్గరే వదిలి, “ఒక్కసారి నువ్వే స్కాన్ చేసి చూడు, తర్వాత పారేద్దాం” అన్నారు. ఆ ఒక్క మాట వల్లే ఈ కేసు ఇంత దూరం వచ్చింది.

మొదటి రెండు ప్రయత్నాలు

ముందుగా ఆ ల్యాబు ఇచ్చిన ఫైళ్లను తెరిచి చూశాను. ఒక్కొక్కటి 1800×1200 పిక్సెళ్లు. పోస్టుకార్డు సైజు ప్రింటుకు ఇది చాలు. 30 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 60 పిక్సెళ్లే మిగులుతాయి. అంతేగాక ల్యాబు మిషను తనంతట తానే షార్ప్‌నెస్ (అంచుల తేటదనం) పెంచింది. గ్రెయిన్ చుట్టూ తెల్లటి అంచులు కనిపించాయి. అంటే ప్రింటులో కనిపించిన ఇసుకలో కొంత ఫిల్ముది, కొంత ఆ షార్పెనింగుది. ఫిల్ముకు శిక్ష వేసే ముందు ఈ వాటాలను విడదీయాలని అప్పుడు అనిపించింది.

స్టూడియోలో ఉన్న ఫ్లాట్‌బెడ్ స్కానరు పెట్టె మీద 6400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అని రాసి ఉంది. ఆ లెక్కన 35 ఎంఎం ఫ్రేము నుంచి సుమారు 9000×6000 పిక్సెళ్ల ఫైలు వస్తుంది, అంటే 54 మెగాపిక్సెళ్లు. కొడుకు కెమెరా ఇచ్చేదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ఆరు ఫ్రేములు స్కాన్ చేశాను. ఫైలు బరువు పెరిగింది గానీ బొమ్మ తేటపడలేదు. స్తంభం మీది చెక్కడం అదే ముద్దగా, ఇంకొంచెం పెద్ద ముద్దగా కనిపించింది. నేను చేసిన రెండో తప్పు ఇక్కడే ఉంది. 54 మెగాపిక్సెళ్లు పోసినా వివరం రాలేదంటే ఫిల్ములోనే వివరం లేదన్న నిర్ణయానికి వచ్చేశాను. తర్కం పైకి సరిగ్గానే ఉంది. కానీ స్కానరు పెట్టె మీది అంకె నిజమనే నమ్మకం మీద అది నిలబడి ఉందని నాకు తట్టలేదు.

మలుపు

నెగెటివ్‌లను తిరిగి కవర్లలో సర్దుతూ, పాత అలవాటు కొద్దీ ఒకదాన్ని కింద నుంచి వెలుగిచ్చే లైట్‌బాక్స్ మీద పెట్టి లూపుతో, అంటే ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దంతో చూశాను. అది పచ్చల సోమేశ్వరాలయం ఆవరణ ఫోటో. ఒక మూలన సూచనల బోర్డు ఒకటి ఉంది. స్కానులో ఆ బోర్డు ఒక బూడిదరంగు చతురస్రం మాత్రమే. లూపులో దాని మీది పెద్ద అక్షరాలు, నెగెటివ్ కాబట్టి రంగులు తిరగబడి, ఒక్కొక్కటిగా చదవడానికి వస్తున్నాయి. కంటికి లూపు ద్వారా కనిపిస్తున్నది స్కానరుకు కనిపించడం లేదంటే లోపం ఫిల్ములో లేదు, ఫిల్ముకూ ఫైలుకూ మధ్య ఉంది.

ఆ అనుమానాన్ని అంకెల్లో తేల్చుకోవడానికి యూఎస్ఏఎఫ్ 1951 అనే పరీక్ష చార్టు గాజుపలక ఒకటి తెప్పించాను. దాని మీద మూడేసి గీతల గుంపులు క్రమంగా చిన్నవవుతూ ఉంటాయి. ఏ గుంపు దాకా గీతలు విడిగా కనిపిస్తే మిల్లీమీటరుకు అన్ని గీతల జంటలను (ఒక గీత, దాని పక్క ఖాళీ కలిపి ఒక జంట) ఆ పరికరం చూపగలదని అర్థం. మా ఫ్లాట్‌బెడ్ అయిదో గుంపు మొదటి మెట్టు దగ్గర, అంటే మిల్లీమీటరుకు 32 జంటల దగ్గర ఆగిపోయింది. దాన్ని డీపీఐలోకి మారిస్తే సుమారు 1600. పెట్టె మీది 6400లో నాలుగో వంతు. ఆ లెక్కన నా 54 మెగాపిక్సెళ్ల ఫైలులో ఉన్న అసలు సమాచారం మూడున్నర మెగాపిక్సెళ్లకు మించదు. మిగిలినదంతా నీళ్లు కలిపిన పాలు. పెద్దాయన ఎదుట పోలిక జరిగింది 24 మెగాపిక్సెళ్ల కెమెరాకూ ఫిల్ముకూ మధ్య కాదు. ఆ కెమెరాకూ ఒక సాధారణ స్కానరుకూ మధ్య. డార్క్‌రూమ్ రోజుల్లో నెగెటివ్ నుంచి కాగితానికి మధ్య ఎన్‌లార్జర్ లెన్సు ఒక్కటే ఉండేది, దాన్ని మేము కంటికి రెప్పలా చూసుకునేవాళ్లం. ఆ స్థానంలోకి స్కానరు వచ్చాక దాన్ని ఎవరూ పరీక్షించడం లేదు.

కెమెరాతో స్కాన్ చేయడం, అందులో ఎదురైన చిక్కులు

స్కానరుకు బదులు నెగెటివ్‌ను కెమెరాతోనే ఫోటో తీద్దామని కొడుకు కెమెరానే అడిగి తీసుకున్నాను. 36×24 మిల్లీమీటర్ల సెన్సారు మీద 6000×4000 పిక్సెళ్లు. బాగా దగ్గర నుంచి తీయగల మాక్రో లెన్సుతో ఫ్రేమును 1:1లో, అంటే సెన్సారు మీద ఉన్న సైజులోనే పడేలా తీస్తే మిల్లీమీటరుకు 166 పిక్సెళ్లు పడతాయి, కాబట్టి లెక్క ప్రకారం 83 జంటల దాకా చూపాలి. మూలన పడేసిన ఎన్‌లార్జర్ స్తంభానికి కెమెరాను బిగించాను. అలా దానికి మళ్లీ పని దొరికింది.

మొదటి రోజు ఫలితం ఫ్లాట్‌బెడ్ కన్నా మెరుగే గానీ చార్టు మీద 40 జంటలు దాటలేదు. కారణం వెతకడానికి రెండు రోజులు పట్టింది. పాత నెగెటివ్‌లు వంకర తిరిగి ఉన్నాయి గనుక ఫోకస్ అంతటా ఉండాలని లెన్సు రంధ్రాన్ని ఎఫ్/16కు మూశాను (ఎఫ్ అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). 1:1 దగ్గరికి వచ్చేసరికి లెన్సు సెన్సారుకు దూరం జరిగినట్టే లెక్క, ఎఫ్/16 సుమారుగా ఎఫ్/32లా పనిచేస్తుంది. అంత చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు అంచుల దగ్గర చెదిరిపోయి, సిద్ధాంతరీత్యానే మిల్లీమీటరుకు 57 జంటల దగ్గర పూర్తిగా కలిసిపోతుంది. అంతకు చాలా ముందే మసకబారుతుంది. వంకరను లెన్సుతో సరిదిద్దబోయి, తేటదనాన్ని పోగొట్టుకున్నానన్నమాట. వంకరను వంకర దగ్గరే సరిచేయాలి. నెగెటివ్ పట్టీలను కవర్లలో ఉంచి, బరువైన పాత రిజిస్టర్ల కింద పది రోజులు ఉంచాను. గాజు పలక కింద నొక్కితే ఇంద్రధనుస్సు రంగుల వలయాలు పడ్డాయి కాబట్టి గాజును మానేసి, ఎన్‌లార్జర్ వెంట వచ్చిన ఇనుప నెగెటివ్ క్యారియర్‌నే వాడాను. ఆ తర్వాత లెన్సును ఎఫ్/5.6కూ ఎఫ్/8కూ మధ్య ఉంచగలిగాను.

వెలుతురు విషయంలో కూడా కొంత తిప్పలు పడ్డాను. ట్యాబ్ తెర మీద పెడితే తెర పిక్సెళ్ల గడులు బొమ్మలోకి వచ్చాయి. చవక ఎల్ఈడీ పలక వాడితే చర్మం రంగు పచ్చగా వచ్చింది, పైగా ఎక్స్‌పోజర్ సెకనులో నాలుగో వంతు దాకా పోయింది. మా స్టూడియో రోడ్డు పక్కనే ఉంది, లారీ వెళ్లినప్పుడల్లా స్తంభం వణుకుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపినా లారీని ఆపలేం కదా. చివరికి పాలరంగు అక్రిలిక్ పలక వెనుక నుంచి స్టూడియో ఫ్లాషును కొట్టాను. ఫ్లాషు వెలిగేది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ, ఆ వ్యవధిలో ఏ వణుకూ బొమ్మ మీదికి రాదు. రంగు కూడా ప్రతి ఫ్రేముకూ ఒకేలా ఉంటుంది. అప్పుడు చార్టు ఆరో గుంపు మొదటి మెట్టు, మిల్లీమీటరుకు 64 జంటలు, కనిపించింది. అంటే సుమారు 3250 డీపీఐ. ఒక ఫ్రేము నుంచి 14 మెగాపిక్సెళ్ల అసలు సమాచారం. పచ్చల సోమేశ్వరం బోర్డు మీది అక్షరాలను తెర మీద చదివాను.

ఆ రోజే పెద్దాయనకు ఫోన్ చేసి, మొదటి రోజు నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. సున్నాల పని అప్పటికే మొదలైందట. డబ్బా నా దగ్గర ఉండబట్టి మిగిలింది.

అసలు పోలిక

ఇంత చేశాక కొడుకు అడిగిన ప్రశ్న న్యాయమైనదే: “సరే అన్నా, స్కానర్‌ది తప్పే. అయినా ఫిల్ము నా కెమెరాను అందుకుంటదా?” దీనికి పాత నెగెటివ్‌లతో జవాబు చెప్పలేం. వాటిలో వయసు ఉంది, చేతి వణుకు ఉంది, ఆనాటి ల్యాబు ఉంది. అందుకే కొత్తగా తీయాలని నిర్ణయించుకున్నాను. ఛాయా సోమేశ్వరాలయంలో స్టాండు వేసి, పెంటాక్స్ లెన్సునే అడాప్టరుతో డిజిటల్ కెమెరాకు కూడా తగిలించి, రెండింటిలోనూ ఎఫ్/8 పెట్టి, ఒకే చోటు నుంచి తీశాను. వేరు వేరు లెన్సులు పెడితే మళ్లీ లెన్సులను పోల్చి ఫిల్ము మీద తీర్పు చెప్పినట్టవుతుంది. ఫిల్ముకు కోడాక్ గోల్డ్ 200 వాడాను. అదనంగా స్టూడియోలోని యాషికా మ్యాట్ 124జీలో ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ నలుపు తెలుపు రీలు వేసి అదే దృశ్యాన్ని 6×6 సెంటీమీటర్లుగా పిలిచే పెద్ద సైజులో తీశాను.

తెర మీద నూరు శాతం పెంచి, అంటే ఫైలులోని ఒక్కో పిక్సెల్ తెర మీది ఒక్కో పిక్సెల్‌గా పడేలా చూడటం మానేశాను. వేరు వేరు కొలతల ఫైళ్లను అలా చూస్తే రెండు వేర్వేరు సైజుల ప్రింట్లను పక్కపక్కన పెట్టినట్టే. దానికి బదులు ప్రతి ఫైలునూ 20×30కి పెంచి, ఖర్చు తగ్గించడానికి మధ్యలోంచి 8×10 ముక్కను మాత్రమే ప్రింటు వేయించాను. వెనుక గుర్తు రాసి, గోడకు అంటించి, ఏది ఏదో తెలియని ముగ్గురిని అడుగు దూరం నుంచి, మూడడుగుల నుంచి, అయిదడుగుల నుంచి చూడమన్నాను.

అడుగు దూరంలో ముగ్గురూ 35 ఎంఎం కలర్ ఫిల్ము కన్నా డిజిటల్‌దే తేటగా ఉందన్నారు. చెక్కడాల సన్నటి అంచులు, నీడలోని నునుపైన రాతి ముఖం డిజిటల్‌లో శుభ్రంగా ఉన్నాయి. ఫిల్ములో గ్రెయిన్ స్పష్టంగా తెలిసింది. మూడడుగుల దగ్గర ఒక్కరే కచ్చితంగా విడదీయగలిగారు. అయిదడుగుల దగ్గర ఎవరూ నిలకడగా చెప్పలేకపోయారు. దీనికి కంటి లెక్క ఉంది. మామూలు కన్ను అడుగు దూరంలో అంగుళానికి దాదాపు 300 చుక్కలను విడదీస్తుంది, మూడడుగుల దూరంలో 95ను, అయిదడుగుల దూరంలో 57ను. 20×30కి పెంచినప్పుడు ల్యాబు ఫైలు ఇచ్చేది 60, ఫ్లాట్‌బెడ్‌ది 75, కెమెరాతో చేసిన స్కానుది 150కి కొంచెం పైన, డిజిటల్ ఫైలుది 200. మొదటి రెండూ హాలులోని మూడడుగుల దూరంలో తేలిపోతాయి. మూడోది సునాయాసంగా గట్టెక్కుతుంది. నాలుగోది ఇంకా మెరుగే, కానీ ఆ మెరుగును చూడాలంటే ముక్కు గోడకు ఆనించాలి.

6×6 నెగెటివ్ వేరే కథ చెప్పింది. 56 మిల్లీమీటర్ల చదరం వైశాల్యంలో 35 ఎంఎం ఫ్రేముకు మూడున్నర రెట్లకు పైనే ఉంటుంది. దాన్ని ఆరు ముక్కలుగా తీసి కలిపాను. నలుపు తెలుపులోకి మార్చిన డిజిటల్ ప్రింటు పక్కన పెడితే అడుగు దూరంలో కూడా రాతి పని ఫిల్ములోనే కొంచెం ఎక్కువ కనిపించింది. ఖాళీ ఆకాశంలో మాత్రం డిజిటల్‌ది నునుపు.

ఒక చిన్న సంగతి. ఫిల్ము ఎన్ని గీతలు చూపుతుందన్న అంకెను చెప్పేటప్పుడు ఏ గీతలన్నది కూడా చెప్పాలి. ఫ్యూజీ వెల్వియా 50 సమాచార పత్రంలోనే నలుపు తెలుపుల తేడా బాగా ఉన్న గీతలకు 160, తేడా తక్కువున్న గీతలకు 80 అని ఉంటుంది. బోర్డు మీది అక్షరాలు మొదటి రకం, రాతి మీద అరిగిపోయిన చెక్కడం రెండో రకం. అక్షరాలు చదవగలిగినంత మాత్రాన చెక్కడమంతా ఉంటుందనుకోకూడదు. డిజిటల్‌లోనూ మెగాపిక్సెళ్ల అంకెను ఉన్నదున్నట్టు తీసుకోలేం. ఒక్కో పిక్సెల్ ఒక్కో రంగునే పట్టుకుంటుంది, సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. మిగతా రంగులు పక్క పిక్సెళ్లను చూసి లెక్కగట్టినవే. ఈ అమరికకు 1976లో పేటెంటు పొందిన బ్రైస్ బేయర్ ఫిల్ము కంపెనీ అయిన కోడాక్ ఉద్యోగి కావడం నాకు ఎప్పుడూ వింతగా ఉంటుంది.

వెలుగునీడల దగ్గర

తేటదనం గురించి ఇంత రాశాను గానీ, ప్రదర్శనలో జతలను నిజంగా పాడుచేస్తున్నది అది కాదని ఈ దశలో తెలిసింది. ఛాయా సోమేశ్వరాలయంలో బయటి ఎండపడిన రాతికీ గర్భాలయ ద్వారం పక్క నీడకూ మధ్య స్పాట్ మీటరు (ఒక చిన్న చోటి వెలుగును కొలిచే పరికరం) 11 స్టాపుల తేడా చూపింది. ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు, అంటే మొత్తం రెండు వేల రెట్లు. కొడుకు లోపలి నీడను చూసి కొలత తీసుకుని, జేపెగ్‌లో తీశాడు. లోపలంతా బాగుంది, బయటి ఆవరణ మాత్రం తెల్ల కాగితంలా పోయింది. సెన్సారు నిండాక ఇంకొక్క చుక్క పట్టదు, అక్కడ సమాచారమే ఉండదు. నెగెటివ్ ఫిల్ము అలా ఒక్కసారిగా నిండదు. వెలుగు పెరిగే కొద్దీ మెల్లగా నెమ్మదిస్తూ పోతుంది. అందుకే పెద్దాయన 1988లో నీడకు కొలత పెట్టి తీసిన అదే ఫోటోలో ఆవరణలోని రాళ్లు ఇంకా రాళ్లలాగే ఉన్నాయి. నాగార్జునసాగర్ జతలోనూ ఇదే తేడా. 26 గేట్లలో కొన్ని ఎత్తి ఉన్న పాత ఫోటోలో నురుగులో పొరలు కనిపిస్తున్నాయి, కొత్త ఫోటోలో అదొక తెల్లటి అతుకు.

ఇది చూసి పెద్దాయన ఫిల్మే గెలిచిందన్నారు. నేను ఒప్పుకోలేదు. అదే చోట డిజిటల్‌ను రా ఫైలులో (కెమెరా దిద్దకుండా ఇచ్చే పూర్తి సమాచారం), వెలుగు భాగం పోకుండా చూసుకుని మూడు స్టాపులు తగ్గించి తీశాను. ఇంటికొచ్చి నీడలను పైకి లేపితే రెండు వైపులా దొరికాయి, నీడలో కొంచెం నాయిస్ (చుక్కలు) తప్ప. ఫిల్మును కూడా మూడు రకాలుగా తీశాను. మీటరు చెప్పినట్టు తీసిన ఫ్రేములో నీడలు బురదగా, గ్రెయిన్‌తో వచ్చాయి. రెండు స్టాపులు ఎక్కువిచ్చినది అన్నింటికన్నా బాగుంది. ఫిల్ముకు నీడను చూసి, డిజిటల్‌కు వెలుగును చూసి ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. తండ్రి తన పరికరానికి సరైన పద్ధతి వాడారు, కొడుకు తండ్రి పద్ధతిని తన పరికరానికి వాడాడు. పదకొండు కొత్త ఫోటోలను మళ్లీ తీయమని అతనికి చెప్పాను. ఎండకు విసుక్కున్నా తీశాడు.

రంగు, మరకలు

కలర్ నెగెటివ్‌లలో రంగుపొరలు సమానంగా వెలవలేదు, నీడలు ఒక రంగుకు, వెలుగులు ఇంకో రంగుకు వాలిపోయాయి. ఒకే దిద్దుబాటు అన్నిటికీ కుదరక, మూడు రంగుల వంపులను (నీడ నుంచి వెలుగు దాకా ఒక్కో రంగు పాళ్లను మార్చే గీతలను) విడివిడిగా సరిచేశాను. ఇది ఫిల్ముకు నిజమైన లోటు, స్కానరుది కాదు. వెండితో ఏర్పడిన నలుపు తెలుపు బొమ్మకు ఆ బాధ లేదు. దాని మీద ఉన్నవి నీటి మరకలు. ఇక్కడి బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, చివరి కడుగు ఆ నీళ్లతో అయితే ఆరాక తెల్లటి వలయాలు మిగులుతాయి. డిస్టిల్డ్ నీళ్లలో మళ్లీ నానబెట్టి, నీరు జారే ద్రావణం రెండు చుక్కలు వేసి ఆరబెడితే చాలావరకు పోయాయి. కొన్ని రీళ్లలో గ్రెయిన్ మరీ ముతకగా ఉంది. అవి మే నెలలో కడిగినవట. 20 డిగ్రీల దగ్గర ఉండాల్సిన డెవలపరు, మిద్దె మీది ట్యాంకు నీళ్లతో ఎంత వేడెక్కి ఉంటుందో ఊహించుకోవచ్చు. నేను ఎఫ్‌పీ4 రీలు కడిగిన రోజున రెండు ట్రేల ఐసు ఖర్చయింది.

ఫలితం

32 జతలలో 23 జతలను అనుకున్నట్టే 20×30లో పెట్టాం. ఆరింటిని 12×18కి తగ్గించాం. వాటిలో నాలుగు మే నెల రీళ్లలోవి, రెండు రంగు బాగా వెలిసినవి. తగ్గించేటప్పుడు కొత్త ఫోటోను కూడా అదే సైజుకు తగ్గించాను, పెద్దదాని పక్కన చిన్నది పెడితే పాతది ఓడిపోయినట్టు కనిపిస్తుంది. మూడు జతలను పూర్తిగా వదిలేశాం. వాటిని లూపులో చూసినప్పుడే చేతి వణుకు తెలిసింది, ఒకటి సెకనులో పదిహేనో వంతుతో సంతలో తీసినది. దాన్ని ఏ స్కానరూ ఏ కెమెరా కూడా బాగు చేయలేవు. ఆ ఫ్రేమును వదిలేయడానికి పెద్దాయన చాలాసేపు ఒప్పుకోలేదు, అందులో ఆయన తల్లి ఉన్నారు. దాన్ని విడిగా 5×7లో వేసి ఇచ్చాను. ఆ సైజులో వణుకు కనిపించదు.

ఇప్పుడు ఎవరైనా నెగెటివ్‌లు తెస్తే ముందు లైట్‌బాక్స్ వెలిగించి లూపుతో చూస్తాను, తర్వాత ఏ సైజు కావాలో, ఎంత దూరం నుంచి చూస్తారో అడుగుతాను, ఆ తర్వాతే రేటు చెబుతాను. పరీక్ష చార్టు పలకను కౌంటరు సొరుగులోనే ఉంచుకున్నాను. స్కానింగు అమరికలో ఏది మార్చినా, ఆఖరికి అక్రిలిక్ పలకను మార్చినా, మొదటి ఫ్రేము ఆ చార్టుదే.